గంట తేడా

నేపర్‌విల్, ఇల్లినాయ్
అక్టోబర్ 19, 2025

వదినగారికి,

కామేశ్వరి నమస్కారాలు. ఈ పిలుపు నాకింకా చెల్లుతుందో లేదో తెలియదు. మా విశాల్, మీ అదితి కోర్టు కాగితాల మీద సంతకాలు పెట్టి రెండేళ్లయింది. కానీ ఆ కాగితాల మీద మీరూ నేనూ ఎక్కడా సంతకం పెట్టలేదు కదా. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

పని పడింది కాబట్టే రాస్తున్నాను, అబద్ధమెందుకు. పెళ్లిలో సారెతో పాటు మీరు నాకు కుంకుమ భరిణెలో పెట్టి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు, గుర్తుందా? మీరు స్వయంగా రాసిన పంచాంగం ప్రోగ్రాం. ఊరి పేరు కొడితే చాలు, ఆ ఊరి టైములో తిథి, నక్షత్రం, వర్జ్యం, సూర్యోదయం నల్ల తెర మీద వరసగా వచ్చేవి. "మా వియ్యపురాలు కంప్యూటర్లో పంచాంగం రాసింది" అని ఇక్కడ ఎంతమంది దగ్గర గొప్పలు పోయానో లెక్కలేదు. పన్నెండేళ్లుగా దాన్ని చూసే ఏడాది మొత్తం కాగితాల మీద రాసి, జిరాక్స్ తీయించి, ఉగాదికి నలభై ఇళ్లకి పంచుతున్నాను. తద్దినాలకీ నోములకీ అందరూ చూసుకునేది ఫ్రిజ్ మీద అంటించుకున్న ఆ కాగితాలే.

పోయిన నెల విశాల్ వచ్చి, "అమ్మా, నీ సిస్టమ్ మరీ ఓల్డ్, సేఫ్ కాదు, అప్‌గ్రేడ్ చేసేస్తా" అని ఓ శనివారమంతా కూర్చుని కొత్తది ఎక్కించాడు. తెర అద్దంలా మెరుస్తోంది. మీ ప్రోగ్రాం మాత్రం తెరుచుకోదు. నొక్కిన ప్రతిసారీ ఇది ఈ కంప్యూటర్‌లో నడవదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటోంది. "ఫోన్‌లో యాప్ పెట్టుకో. ఎవరైనా వెనక్కి వెళ్తారా అమ్మా?" అంటాడు వీడు. యాప్ ఎవరు రాశారో నాకు తెలియదు. మీ ప్రోగ్రాం రాసిన మనిషి నాకు తెలుసు.

పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్లే దారి ఉందా? ఫోన్‌లోనే అడగచ్చు, మీ నంబరుంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టేశాను.

నైనిక ఎలా ఉంది? విడిపోయాక విశాల్ షికాగోకి మారాడు కదా, నెలకోసారి న్యూజెర్సీ వెళ్లి కూతుర్ని చూసి వస్తాడు. అక్కణ్ణించి నాకు వీడియోలో ఐదు నిమిషాలు చూపిస్తాడు. అందులో మూడు నిమిషాలు సీలింగే కనపడుతుంది. రెండేళ్లుగా పిల్ల మా గడప తొక్కలేదు. కంప్యూటర్ ఒక వంక, అసలు సంగతి ఇదీ అని మీరనుకుంటే కాదనను.

మీ
కామేశ్వరి


పిస్కాటవే, న్యూజెర్సీ
నవంబర్ 3, 2025

కామేశ్వరిగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

ఆ ప్రోగ్రాం 1995లో రాసింది. వారమంతా మందుల కంపెనీకి లెక్కల ప్రోగ్రాంలు రాసి, ఆదివారాలు నా సరదాకి రాసుకున్నాను. అప్పటి కోడ్‌ని కొత్త సిస్టమ్ చదవలేదు. మీ కంప్యూటర్ పాడవలేదు, ప్రోగ్రామూ పాడవలేదు.

సాధారణంగా అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల వరకూ వెనక్కి వెళ్లే బటన్ ఉంటుంది. మీకు ఆ గడువు దాటింది. పైగా మీ అబ్బాయి ఫైళ్లు పక్కకి తీసి పెట్టి, పాతదాన్ని పూర్తిగా తుడిచి కొత్తది ఎక్కించినట్టున్నారు. కాబట్టి పాత సిస్టమ్‌ని మళ్లీ మొదటినుంచీ ఎక్కించాలి. కంప్యూటర్ కొన్నప్పుడు వచ్చిన డిస్క్ కావాలి. కంప్యూటర్ పెట్టెకి పక్కనో అడుగునో ఉన్న స్టిక్కర్ మీద ఇరవై ఐదు అక్షరాల కీ ఉంటుంది, అదీ కావాలి. మొదలుపెట్టే ముందు మీ ఫొటోలు, ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. లేకపోతే అన్నీ పోతాయి. ఎక్కించాక ఆ కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి తగిలించకండి. పాత సిస్టమ్‌కి ఇప్పుడు వైరస్‌ల నుంచి కాపలా ఉండదు.

యాప్ వాడుకున్నా ఇబ్బంది లేదు.

నైనిక బాగుంది. నాలుగో తరగతి.

ఇట్లు,
ఉమామహేశ్వరి


నేపర్‌విల్
నవంబర్ 16, 2025

వదినగారికి,

మీ ఉత్తరం మందు సీసాతో మడతపెట్టి ఇచ్చే కాగితంలా ఉంది. అన్నీ ఉన్నాయి, మనిషే లేదు. నన్ను పేరు పెట్టి ‘గారు’ తగిలించి దూరం పెట్టారు. పెట్టుకోండి. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు. వియ్యం ఎలాగూ పోయింది, కయ్యానికైనా మిగలండి.

డిస్క్ దొరికింది. గరాజ్‌లో, పెళ్లి ఆల్బం ఉన్న పెట్టెలోనే ఉంది. అక్కడెందుకు పెట్టానో నాకే తెలియదు. డిస్క్ కోసం వెళ్లినదాన్ని ఆల్బం ఒళ్లో పెట్టుకుని ఆ చలిలో అరగంట కూర్చున్నాను. అప్పగింతలప్పుడు మీరు ఏడుస్తుంటే నేను మీ చెయ్యి పట్టుకున్న ఫొటో ఉంది. "మీ అమ్మాయి ఇక నా అమ్మాయి" అని మీతో అన్నాను. అప్పుడు అబద్ధం చెప్పలేదు.

స్టిక్కర్ మీద అక్షరాలు సగం అరిగాయి. భూతద్దం పెట్టి చూసినా ఒకటి ఎనిమిదో ‘బి’యో తేలలేదు. అయితే నన్ను ఆపింది అది కాదు. ఫొటోలు పోతాయన్నారే, ఆ మాట. నైనిక పుట్టినప్పటినుంచీ ఏడేళ్లొచ్చే దాకా తీసిన వీడియోలన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మా వంటింట్లో చపాతీ పిండితో ఏనుగు చేసి, తొండం ఊడిపోతే కొంప మునిగినట్టు ఏడ్చింది చూడండి, అది కూడా. కాపీ చేశాననే అనుకుంటాను. తీరా తుడిచే బటన్ దగ్గరికి వెళ్లేసరికి కంప్యూటర్ కట్టేసి లేచిపోతాను. అవి పోతే పిల్లది నా దగ్గర ఇంకేమీ మిగలదు. విశాల్‌ని సాయం అడగలేను. నవ్వుతాడు. వాడికి చెప్పకుండానే చేస్తున్నాను ఇదంతా.

పూసగుచ్చినట్టు రాయండి, ఏది ముందు నొక్కాలో, ఏది తర్వాతో. డెబ్భై రెండేళ్లదానికి చెప్పినట్టు కాదు, తొమ్మిదేళ్లదానికి చెప్పినట్టు.

మీ
కామేశ్వరి


పిస్కాటవే
డిసెంబర్ 14, 2025

కామేశ్వరి వదినగారికి,

తొమ్మిదేళ్లదానికి చెప్పినట్టు రాయడం నాకు చేతకాలేదు. నాలుగు పేజీలు రాసి చించేశాను. శనివారాలు అదితి పార్సిప్పనీ నుంచి వచ్చి నైనికని మా ఇంట్లో దింపి వెళ్తుంది. నిన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నా పాత కంప్యూటర్ మీద ఒక్కొక్కటీ చేసి చూపించి, నీకు అర్థమైనట్టు రాయమన్నాను. దీంతో పెట్టిన ఆరు కాగితాలూ అవే. బాణాలు, బొమ్మలు దానివే. మూడో కాగితం మీద ఎర్రగా పెద్ద అరచెయ్యి వేసి, కింద "ఆగు! ఫొటోలు కాపీ అయ్యాయా?" అని రాసింది. ఈమధ్యే తెలుగు బడికి వెళ్తోంది. ఒత్తులు చూడకండి.

ఎవరికోసమో నేను చెప్పలేదు. నాలుగో కాగితం రాస్తూ తలెత్తి, "ఇది నానమ్మ కంప్యూటర్, రైట్?" అంది. అవునన్నాను. కాసేపు బాణాలకి రంగు వేసింది. తర్వాత, "నానమ్మ నన్ను ఎందుకు కాల్ చేయదు?" అంది. నానమ్మనే అడుగుతానన్నాను. జవాబు రాయండి.

ఇంకో సంగతి. పన్నెండేళ్లుగా నా లోపలే ఉండిపోయింది, ఇవాళ రాసేస్తాను. ఆ ప్రోగ్రాంలో తప్పుంది. నేను రాసిన కాలంలో ఈ దేశంలో వేసవికని గడియారాలు ఏప్రిల్‌లో గంట ముందుకి జరిపేవారు. 2007 నుంచి మార్చిలోనే జరుపుతున్నారు. నా కాపీలో సరిచేసుకున్నాను. పెళ్లి హడావిడిలో మీకిచ్చిన దాంట్లో పాతది ఎక్కించాను. అందుకే మీకు మార్చిలో సగం రోజులు గంట తక్కువ చూపిస్తుంది.

మీకు తెలుసని నాకు తెలుసు. జిరాక్సులు పంచి, అసలు కాగితం ఏటా నాకు పంపేవారు. ఏడాదంతా సిరాతో రాసి ఉండేది. మార్చి మాత్రం పెన్సిల్‌తో, గంట కలిపి. తప్పు పట్టుకున్నారు, నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మరుసటేడూ ఆ పెన్సిలే, ఆ పై ఏడూ ఆ పెన్సిలే. ఆడపిల్ల తల్లిని. సారెలో పెట్టింది లోపమని వియ్యపురాలు ఏటేటా ఎత్తిపొడుస్తోందనుకున్నాను. సరిచేసింది పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నేనూ పంపలేదు.

ఆ అక్షరం ఎనిమిది అయి ఉంటుంది. ముందు అది కొట్టి చూడండి.

ఉమామహేశ్వరి


నేపర్‌విల్
జనవరి 11, 2026

వదినగారికి,

ముందు శుభవార్త. చేశాను! నైనిక కాగితాలు ఆరూ కంప్యూటర్ పైన గోడకి అంటించుకుని, ఒక్కో బాణం వెంట నడిచాను. ఎర్ర చెయ్యి దగ్గర ఆగి, ఫొటోలూ వీడియోలూ రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి, ఒకటి దేవుడి గూట్లో పెట్టాను. ఏనుగు వీడియో తెరిచి చూసి, ఉందని రూఢి చేసుకున్నాకే బటన్ నొక్కాను. ఎనిమిదే. మధ్యాహ్నానికల్లా పాత సిస్టమ్ లేచింది. నల్ల తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, మీ ‘శుభమస్తు’ వచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఆదివారం విశాల్ వచ్చాడు. "అమ్మా, నువ్వే చేశావా? రియల్లీ?" అని నవ్వబోయి గోడ చూశాడు. కూతురి అక్షరాలు పోల్చుకున్నాడు. ఆరు కాగితాలూ నిలబడి చదివాడు. మళ్లీ వెనక్కి వెళ్లావేమిటని అడగలేదు.

ఇక పెన్సిల్ సంగతి. వదినగారూ, నా మీద ఒట్టు, ఎత్తిపొడుపు కాదు. ఆ మొదటి మార్చిలో ఓ పొద్దున మీ ప్రోగ్రాం సూర్యోదయం అయిపోయిందంటోంది, నా వంటింటి కిటికీ బయట కటిక చీకటి. తప్పని తెలిసింది. చెబితే వియ్యపురాలు సారెకి వంకలు పెడుతోందనుకుంటారని భయపడ్డాను. లెక్క రాసినవారు మీరు, దాని మీద సిరాతో దిద్దడానికి నేనెవర్ని? అందుకే పెన్సిల్. అసలు కాగితం మీకు పంపింది మీరు చూసి ఒప్పో తప్పో ఒక్క మాట చెబుతారని. ఏటా ఎదురుచూశాను. మీరేమో అక్కడ అదే కాగితం పట్టుకుని కుమిలిపోయారు. ఎంత మర్యాదస్తులం మనం!

ఇది ఒక్క గంట సంగతే అయితే నవ్వుకుని ఊరుకుందుము. 2021లో థాంక్స్‌గివింగ్ సెలవులకి పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు అదితి నాలుగు రాత్రులూ నైనిక గదిలో పడుకుంది. చూశాను. మీకు ఫోన్ చేసి అడగాలనుకున్నాను. బాగుండదనుకుని మానేశాను. అదీ పెన్సిల్‌తోనే రాసుకున్నాను.

నైనిక అడిగిన ప్రశ్నకి జవాబు: సిగ్గు. సంతకాలైన రోజు అదితికి ఫోన్ చేసి, "నా మనవరాల్ని ఎత్తుకుపోతున్నావు, నీకు మంచి జరగదు" అన్నాను. మీకు ఈ సంగతి తెలుసో లేదో. తను చెప్పకపోయి ఉంటే అది తన మంచితనం. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికి ఫోన్ చేయను? కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేం. దాన్ని వెనక్కి తీసుకెళ్లే డిస్క్ ఏ గరాజ్‌లోనూ లేదు.

ఇందులో అదితికి వేరే కవరు పెట్టాను. క్షమించమని రాశాను, ఇంకేమీ అడగలేదు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం.

మీ
కామేశ్వరి


పిస్కాటవే
ఫిబ్రవరి 8, 2026

వదినా,

‘గారు’ తీసేశాను. కోపంతో కాదు.

అలాగని కోపం రాలేదని కాదు. నా కూతుర్ని అంత మాట అన్నారని చదివాక రెండు రోజులు మీ ఉత్తరం వైపు చూడలేదు. మనసులో పెట్టుకుంటే మళ్లీ పెన్సిలే కాబట్టి రాసేస్తున్నాను. రాశాను, అయిపోయింది.

ఆ మాట నాకు తెలియదు. అదితి ఈ రెండేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. కవరు ఇచ్చాను. విప్పి చూడాలని ప్రాణం పీకింది గానీ విప్పలేదు. అదితి వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివింది. "షి సెడ్ సారీ, అమ్మా. నేను ఎక్స్‌పెక్ట్ చేయలేదు" అంది. కవరు బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఈసారి మర్యాదకి కాదు, దానికి టైము కావాలని.

ఇప్పుడు నా వంతు. మీరు ఆ నాలుగు రాత్రులు చూడకముందే నాకు తెలుసు. అదితి నాకు ఫోన్ చేసి ఏడ్చేది. విశాల్ అరిచేవాడు కాదు, ఒక్క మాట తూలేవాడు కాదు. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడట. మీతో చెబితే మీరు వాడి చెవి మెలేసేవారేమో. కూతురి తల్లి ఫిర్యాదు చేస్తే కూతురికే చేటని నోరు నొక్కుకున్నాను. ఈ దేశంలో నలభై ఐదేళ్లు ఉద్యోగం చేసి, సొంతంగా ఇల్లు కొనుక్కున్నదాన్ని, ఆ భయం మాత్రం నన్ను వదల్లేదు.

మనం మాట్లాడుకుని ఉంటే వాళ్లు కలిసుండేవారని నేననుకోను. వాళ్లకి ఇప్పుడే బాగుంది. అదితి మళ్లీ పాటలు పాడుకుంటూ కారు నడుపుతోంది. విశాల్ వచ్చినప్పుడల్లా నైనికతో పార్కులో పరుగులు పెడుతున్నాడట. వాళ్లని పాత సిస్టమ్‌లోకి లాగొద్దు. వెనక్కి వెళ్లాల్సింది మీరూ నేనూ మాత్రమే.

అసలు కబురు చివరికి ఉంచాను. నిన్న అదితి బయటికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "స్ప్రింగ్ బ్రేక్‌లో నైనికని విశాల్‌తో నేపర్‌విల్ పంపిస్తాను. వన్ వీక్. నువ్వే చెప్పు ఆంటీకి" అంది. ఏప్రిల్ మొదటి వారం. మిమ్మల్ని ఆంటీ అంది, అత్తయ్య అనలేదు. బాధపడకండి. ఈ రెండేళ్లూ ఏ పిలుపూ లేదు కదా.

నైనిక బ్యాగులో సరిచేసిన ప్రోగ్రాం పంపిస్తాను. రెండో కుంకుమ భరిణె లేదు. పిప్పరమెంట్ల డబ్బాలో పెడతాను.

ఉమ


నేపర్‌విల్
ఏప్రిల్ 8, 2026

వదినా,

నైనిక ఇక్కడే, నా ఎదురుగా, టేబుల్ మీద మోచేతులు పెట్టుకుని కూర్చుంది. ఎంత పొడుగైందో! వీడియోలో సీలింగ్ చూసి చూసి నాకు తెలియలేదు. వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి, బూట్లు కూడా విప్పకుండా, "నానమ్మా, నువ్వు కాల్ చేయలేదు. ఐ వాజ్ మ్యాడ్" అంది. నేను ఏవో కారణాలు చెప్పబోయి మానేశాను. "తప్పు చేశాను, నాకు సిగ్గేసింది, సారీ" అన్నాను. పిల్ల ఆలోచించింది. "ఓకే" అంది. బూట్లు విప్పింది. రెండేళ్లుగా నేను భయపడింది ఇంతసేపటి పనికి!

మర్నాడు ఏనుగు చేశాం. ఈసారీ తొండం ఊడింది. నైనిక పకపకా నవ్వింది. నేనే కాస్త కళ్లు తుడుచుకున్నాను.

నిన్న మీ పిప్పరమెంట్ల డబ్బా విప్పి, పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం రెండూ నడిపింది. వచ్చే మార్చిలో గంట తేడా చూసి, "ఇన్ని ఇయర్స్ ఎవరూ చెప్పలేదా?" అంది. లేదన్నాను. "వై?" అంది. మర్యాద అన్నాను. "దట్స్ సో వియర్డ్, నానమ్మా" అని, గోడ మీది ఈ ఏటి పంచాంగం కాగితం దించి, నేను మార్చిలో పెన్సిల్‌తో వేసిన అంకెలు ఒక్కొక్కటీ రబ్బరుతో చెరిపి, మీ కొత్త లెక్క చూసి సిరాతో రాసింది. అంకెలు వంకరగా ఉన్నాయి. టైము సరిగ్గా ఉంది.

ఉగాదికి మొదలైన కొత్త సంవత్సరం పేరు పరాభవ. పేరు చూసి మా నలభై ఇళ్లవాళ్లూ బెదిరిపోతున్నారు. నా పరాభవమంతా జనవరిలోనే ఉత్తరంలో రాసి పంపేశాను కాబట్టి నాకే భయమూ లేదు.

నిన్న రాత్రి అదితి ఫోన్ చేసింది, కూతురితో మాట్లాడటానికి. మాట్లాడాక నైనిక ఫోన్ నా చేతిలో పెట్టేసింది. చెవికి ఆనించుకున్నాను. తను, "అది తింటోందా?" అంది. తింటోందన్నాను. "థాంక్స్ ఆంటీ" అంది. అంతే. నాకు అదే చాలు.

ఇక మీరు. బడి సెలవులివ్వగానే నైనిక మళ్లీ వస్తానంటోంది, అదితి సరేనందట. మీరు తీసుకురండి. వారం కాదు, నెల ఉండాలి. ముందే ఒక నిజం చెబుతున్నాను: మీ పులిహోరలో ఇంగువ ఎక్కువ. పెళ్లయిన మర్నాటినుంచీ "బ్రహ్మాండం" అంటూ నీళ్లతో మింగాను. ఈసారి తగ్గించి చేయండి, మారు వడ్డించుకుంటాను. నా వంటలో మీరు మింగినవి కూడా ఉండే ఉంటాయి. వచ్చేటప్పుడు జాబితా తెచ్చుకోండి.

కింద నైనిక ఒక మాట రాస్తానంటోంది. నేను దిద్దను.

మీ
కామేశ్వరి

అమమ్మా, జూన్ 27 నువ్వు నేను నానమ్మ ఇంటికి వస్తునాం. నానమ్మ కాగితం మీద రాశాను. పెన్‌తో.